పొయ్యి ముట్టని పండు

పెత్రమాస నాడు మొదటిసారి చేసిన.
కుక్కర్ల రెండేళ్ల మందం ఇసుక,
దుందుభి వాగుది,
జల్లెడ పట్టి, కడిగి, మిద్దె మీద ఎండవెట్టింది.
మూత రబ్బరు తీసేసి, విజిల్ పక్కకువెట్టి,
ఇది పప్పు ఉడికే కుక్కర్ కాదు ఇయ్యాల అని
నాకు నేనే చెప్పుకున్న.

కేకు గిన్నె జాహెదాది.
బాదేపల్లి సంతల కొన్నదట, అంచుకు ఒక సొట్ట.
"నెయ్యి రాసి పిండి చల్లు,
లేకుంటే గిన్నె నాకు కేకుతోనే వాపసొస్తది"
అని కుట్టుమిషన్ ఆపకుండనే చెప్పింది.

జొన్నపిండి ఒక వంతు, గోధుమపిండి రెండు,
బెల్లం, గడ్డపెరుగు, చిటికెడు సోడా.
సీతాఫలం గుజ్జు తీసెతందుకు నలుగురం కూసున్నం:
నేను, తోటికోడలు పుష్పలీల, నా బిడ్డ,
మా అత్త మన్నెమ్మ.
గింజ గింజకు ఒక ముచ్చట.
నూట పదకొండు గింజలని బిడ్డ లెక్కచెప్పింది,
ఎందుకు లెక్కవెట్టిందో దానికే తెల్వదు.

వాసన లేసింది.
గోడ అవతలి నుంచి "ఏందే అది" అని ఒక గొంతు,
ఎనకనే ఇంకో గొంతు.
కోసి నోట్లెవెట్టుకుంటే
చేదు.
యాపాకు చేదు కాదు, మందుగోలీ చేదు కాదు,
ఎదురొచ్చి నవ్విన మనిషి
లోపలికి పోయి తలుపేసుకున్నట్టు చేదు.
పుష్పలీల పెరట్లకు ఉరికింది.
మా అత్త ఉమ్మలే.
మింగింది. చెంబెడు నీళ్లు తాగింది.
"బాగనే పొంగింది" అన్నది.
మిగిలింది మ్యాకకు వేస్తే
వాసన చూసి, నా మొఖం చూసి,
కుడితి దిక్కు మళ్లింది.

తెల్లారి బాలానగర్ రోడ్డు మీద
గంపల వరుసల కురుమక్కను పట్టుకున్న.
నలభై ఏండ్ల సంది ఆమె గోర్లల్ల ఆ నలుపే.
"కాచినవా?" అన్నది,
నేనేదో దొంగతనం చేసినట్టు.
"సీతాఫలం పొయ్యి ముట్టదు బిడ్డా.
గడ్డిల పండుతది, గంపల పండుతది,
బస్సుల మన ఒళ్లె కూసొని సుత పండుతది.
నిప్పు చూసిందా, మనసిరుస్తది."
నీకెట్ల తెలుసని అడిగిన.
లారీ ఒకటి దుమ్ములేపుకుంట పోయిందాంక ఆగింది.
"పెండ్లయిన కొత్తల పాయసంల ఏసిన.
మా అత్త గిన్నె ఇసిరింది."
కొంగు జరిపి నొసలు చూపిచ్చింది.
చిన్నదే,
అంచు తగిలిన సొట్ట.
అప్పుడే కండ్లు తెరిసిన పండ్లు ఆరు ఏరి
నా సంచిల వేసింది, పైసలు నాలుగింటికే తీసుకున్నది.

సద్దుల నాడు పొద్దున్నే చేసిన మళ్ల.
ఈసారి బెల్లం, జొన్న, నెయ్యి, అంతే.
సల్లారెదాంక గిన్నె మీద గుడ్డ కప్పి
తంగేడు, గునుగు ఏరుకుంట కూసున్న,
నడుమ నడుమ లేసి గిన్నెకు చెంప ఆనిచ్చి చూసిన.
జరంత వెచ్చగున్నా ఊకున్న.
మబ్బువట్టినంక
సల్లటి కేకు మీద సల్లటి గుజ్జు పరిసిన.
వెన్నెల లేదు గని పళ్లెంల అంత తెలుపు ఉన్నది.

బతుకమ్మ ఆట అయినంక టిఫిన్లు ఇప్పినం.
నువ్వుల సత్తు, పల్లి సత్తు,
పుష్పలీల మలీద ముద్దలు
(ఆమె నెయ్యి కొలిచి వెయ్యదు, కోపమొచ్చినట్టు వేస్తది).
వాటి నడుమ నాది, చుట్టమింటికి కొత్తగొచ్చినోళ్ల లెక్క
ఒక మూలకు ఒదిగి.
కురుమక్క వచ్చింది,
గంప ఖాళీ చేసుకొని, చీర మార్చుకొని.
ముక్క చేతుల పట్టుకొని రెండు దిక్కులా తిప్పిచూసింది.
అందరు తినుడు ఆపిన్రు.
"జొన్నరొట్టె పట్నం పోయి చదువుకుంటే
గిట్లయితదేమో" అన్నది.
నవ్వులు, నవ్వుల నడుమ
ఎవరిదో పంటి కింద ఒక గింజ టక్కుమన్నది.
"నూట పన్నెండు" అన్నది నా బిడ్డ.
మా అత్త రెండో ముక్కకు చెయ్యి చాపింది.
ఏమనలే.

రాత్రి గిన్నె తోమి జాహెదా కోసం పక్కకువెట్టి
కుక్కర్ మూత తీసిన.
పొద్దటిది, సల్లగయి ఉంటదనుకున్న.
వేలు దూర్చి చూస్తే అడుగున
ఇసుక ఇంకా మనిషి ఒళ్లంత వెచ్చగున్నది.
సంచిల రెండు కాయలు మిగిలినయి,
రాయి లెక్క గట్టివి, కండ్లు మూసుకున్నవి.
వాటిని ఆ ఇసుకల కూసోవెట్టి
మూత సగమే వేసిన.